చీరను తిరగేసి చూడాలి: చేనేత జరీ పట్టు కొనేవాళ్ళకు

పట్టుచీరల దుకాణంలో పరుపు మీద చీర విప్పేవాళ్ళు ఎప్పుడూ ముఖం వైపే పరుస్తారు. లైట్ల కింద జరీ తళతళలాడుతుంది, కొంగు భుజాన వేసి అద్దం ముందు నిలబెడతారు, పది నిమిషాల్లో బేరం తెగిపోతుంది. కానీ మగ్గం మీద ఏం జరిగిందో చెప్పేది చీర వెనక వైపు. పోగు ఎక్కడ మొదలైందో, ఎక్కడ వెనక్కి తిరిగిందో, ఎక్కడ తెగిందో, ఎక్కడ అతుకు పడిందో అక్కడే కనిపిస్తుంది. అది చదవడం వస్తే అమ్మేవాళ్ళ మాట మీద ఆధారపడే పని చాలావరకు తగ్గుతుంది.

ముందుగా ఒక చిక్కు విడదీసుకోవాలి. ఇది అసలు పట్టేనా? చేతిమగ్గం మీదే నేశారా? జరీలో వెండి ఉందా? ఇవి మూడు వేర్వేరు ప్రశ్నలు. ఒకదానికి జవాబు దొరికిందంటే మిగతా రెండిటికీ దొరికినట్టు కాదు. మరమగ్గం మీద అచ్చమైన పట్టు నేయొచ్చు, చేతిమగ్గం మీద ప్లాస్టిక్ జరీ వేయొచ్చు. కాబట్టి మూడూ విడివిడిగా తేల్చుకోవాల్సిందే.

వెంట తీసుకెళ్ళాల్సినవి నాలుగు: పది రెట్లు పెద్దది చేసి చూపే చిన్న భూతద్దం, ఫోన్‌లో టార్చి, తెల్లటి నూలు చేతిరుమాలు, కొలత టేపు. వీలైతే పగటిపూట వెళ్ళండి. దుకాణం లైట్ల కింద కనిపించిన రంగు మండపంలో కనిపించకపోవచ్చు.

బుటా వెనక ఏముంది

బట్టకు రెండే పోగులు: నిలువున పడుగు, అడ్డంగా పేక. బ్రొకేడ్‌లో, అంటే డిజైను నేతలోనే ఎక్కించిన బట్టలో, వీటికి తోడు మూడోది చేరుతుంది. డిజైను కోసం మాత్రమే వేసే అదనపు పేక అది. జరీ కావచ్చు, రంగు పట్టు కావచ్చు. దాన్ని లాగేసినా కింద బట్ట బట్టగానే నిలుస్తుంది. పోచంపల్లి ఇక్కత్‌తో దీన్ని కలపకూడదు. అక్కడ పోగుకు ముందే కట్లు కట్టి రంగు అద్దుతారు కాబట్టి డిజైను రంగులో ఉంటుంది. ఇక్కడ నేతలోనే ఉంటుంది.

ఈ అదనపు పేకను నడిపే పద్ధతులు ముఖ్యంగా మూడు. చీర ధరను బాగా మార్చేది ఈ తేడానే. బెనారస్ నేతగాళ్ళ మాటల్లో మొదటిది ఫేక్వా. నాడెను (పేక పోగును మోసుకెళ్ళే సాధనం) ఈ అంచు నుంచి ఆ అంచు దాకా విసురుతారు. డిజైను ఉన్నచోట పోగు పైకి వస్తుంది, లేనిచోట వెనక వేలాడుతూ పోతుంది. వెనక్కి తిప్పితే ఒక బుటా నుంచి ఇంకో బుటాకి తీగలు లాగినట్టు పోగులు కనిపిస్తాయి. బుటాలు దగ్గరదగ్గరగా ఉంటే ఫరవాలేదు. వేలాడే పోగు అంగుళం దాటితే మాత్రం గాజులకీ, కాలి మెట్టెలకీ తగులుకుంటుంది. అలాంటి చీర తీసుకుంటే వెనక నెట్ వేయించడం తప్పదని ముందే అనుకోండి.

రెండోది కట్‌వర్క్. నేసేది ఫేక్వాలాగే, నేత అయ్యాక వేలాడే పోగుల్ని కత్తిరించేస్తారు. వెనక శుభ్రంగా కనిపిస్తుంది కానీ బుటా అంచుల్లో కత్తిరించిన కొసలు కనురెప్పల వెంట్రుకల్లా నిలబడి ఉంటాయి. వేలితో నిమిరితే గరుగ్గా తగులుతుంది. ఇక్కడ చేయాల్సిన పరీక్ష ఒకటే: ఒక కొసను గోటితో మెల్లగా లాగి చూడండి. బిగువుగా ఉంటే మంచిది. చటుక్కున జారి వచ్చేస్తే నాలుగైదు సార్లు కట్టేసరికి బుటాల అంచులు రాలిపోతాయి.

మూడోది కడ్వా. ప్రతి బుటాకీ దాని సొంత చిన్న కండె (పోగు చుట్టిన పుల్ల) ఉంటుంది. వరసలో పది బుటాలుంటే పది కండెలు. ఒక్కో పేక వరసకూ ఆ పదింటినీ ఒక్కొక్కటిగా చేత్తో దాటించాలి. పోగు బుటా అంచు దాకా వెళ్ళి అక్కడే వెనక్కి తిరుగుతుంది, పక్క బుటా జోలికి పోదు. భూతద్దంలో బుటా పక్కన చిన్న చిన్న మలుపులు కనిపిస్తాయి. కత్తిరించిన కొస ఉండదు, వేలాడే పోగు ఉండదు. మామూలు అంచు చీర కొద్ది రోజుల్లో దిగితే, ఒళ్ళంతా కడ్వా ఉన్నది వారాలు, ఒక్కోసారి నెలలు పట్టేది అందుకే.

ఉప్పాడ జాందానీ కూడా ఈ కుటుంబానిదే, చూడగానే మాత్రం వేరుగా ఉంటుంది. అక్కడ బుటా పోగును పడుగులో వేళ్ళతో దూర్చి నేస్తారు. అందుకే ముందు వెనక దాదాపు ఒకేలా కనిపిస్తుంది. ఏది ముఖమో తేల్చుకోవడానికి ఒక్క క్షణం తడుముకోవాల్సి వస్తే అది మంచి జాందానీ.

వెనక పోగులు వేలాడుతున్నాయి కాబట్టి చేనేతే అని కొందరు గట్టిగా చెబుతారు. అది పొరపాటు. ఫేక్వా, కట్‌వర్క్ రెండూ మరమగ్గం మీదా వస్తాయి. బుటాకి బుటా విడిగా నేసే కడ్వా, జాందానీ మామూలు మరమగ్గానికి చేతకావు. వీటిలో ఏదైనా ఉంటే చేతిమగ్గం అని ధైర్యంగా అనుకోవచ్చు. లేకపోతే ఇంకో గుర్తు వెతకాలి.

అంచు కలిసే గీత

ఆ ఇంకో గుర్తు అంచులో ఉంటుంది. ఒళ్ళు ఒక రంగు, అంచు పూర్తిగా వేరే రంగు ఉన్న చీరల్లో ఒళ్ళుకు ఒక నాడె, రెండంచులకు రెండు నాడెలు, మొత్తం మూడు నడుస్తాయి. అవతలి అంచు నాడె అందించడానికి తరచూ పక్కన ఇంకో మనిషి కూర్చుంటారు. ప్రతి పేకలోనూ ఒళ్ళు పోగూ అంచు పోగూ ఒకదాన్నొకటి మెలిపెట్టుకుని వెనక్కి తిరుగుతాయి. మనవైపు దీన్ని కుప్పడం అంటారు, కాంచీపురంలో కోర్వై అంటారు.

పరీక్షించే పద్ధతి ఇది. అంచులో జరీ లేని ఖాళీ చోట భూతద్దం పెట్టండి. అడ్డపోగు కూడా అంచు రంగులోనే ఉంటే కుప్పడం. ఎర్ర అంచులో ఆకుపచ్చ అడ్డపోగు కనిపించి రంగు దోబూచులాడుతుంటే, ఒకే నాడె ఈ కొస నుంచి ఆ కొస దాకా పోయింది. అది మోసమని కాదు. అలా నేసిన మంచి చేనేత చీరలూ ఉన్నాయి. కానీ కుప్పడం ధర ఇవ్వక్కర్లేదు.

తర్వాత చీర తిప్పి, అంచూ ఒళ్ళూ కలిసే గీత మీద వేలు జరపండి. సన్నని గట్టులా తగలాలి, రంపం పళ్ళలా చిన్న మెట్లు కనిపించాలి. ఆ గీత కింద ఫోన్ టార్చి పెట్టి ఒక మూర పొడవునా చూడండి. వెలుతురు చుక్కలు చుక్కలుగా వస్తే అక్కడ మెలి తప్పింది. పేక వేసిన ప్రతిసారీ రెండు పోగులూ కలవాలి. పని తొందరలో ఒకటి వదిలేస్తే చిన్న సందు మిగులుతుంది. ఒకటో రెండో ఉంటే సర్దుకోవచ్చు, వరసగా ఉంటే కుచ్చిళ్ళు బిగించినప్పుడు అక్కడే చిరుగుతుంది. గీత పొడవునా కుట్టుదారం కనిపించిందంటే అంచు విడిగా నేసి కుట్టారన్నమాట.

కొంగు రంగు మారేచోట కూడా ఇలాంటి అతుకే ఉంటుంది, కాకపోతే అది పడుగులో జరుగుతుంది. ఒళ్ళు పడుగు పోగులు అయిపోయేచోట కొంగు రంగు పోగుల్ని తెచ్చి కలుపుతారు. కొద్ది మేర రెండూ కలిసి నడిచాక పాతవాటిని కత్తిరిస్తారు. అందుకే అక్కడ అడ్డంగా ఒక పట్టీ కాస్త మందంగా తగులుతుంది. అది లోపం కాదు, చేతిపని గుర్తు. దాన్ని చూసి చీర పక్కన పెట్టేసేవాళ్ళు చాలామంది ఉన్నారు, పాపం.

అంచు కొసలు కూడా ఒకసారి చూడండి. నాడెతో నేసిన బట్టకు పేక పోగు అంచు దగ్గర మలుపు తిరిగి మళ్ళీ లోపలికి వెళుతుంది. కొన్ని కొత్త రకం యంత్రాలకు నాడె ఉండదు, ప్రతి పోగూ కొస దగ్గర తెగిపోతుంది. అలాంటి బట్ట అంచు కుచ్చులా ఉంటుంది, లేదా కొసలు లోపలికి మడిచి ఉంటాయి. అది చేనేత కాదు. మలుపు ఉన్నంత మాత్రాన చేనేతే అని కూడా కాదు, నాడె ఉన్న మరమగ్గాలూ ఉన్నాయి. అప్పుడు టేపు తీయండి. చీరలో మూడు వేర్వేరు చోట్ల ఐదేసి బుటా వరసల పొడవు కొలవండి. చేత్తో పన్నె (పేకను దగ్గరకు నొక్కే దువ్వెన లాంటి చట్రం) కొట్టినప్పుడు దెబ్బ ఒక్కోసారి బిగువు, ఒక్కోసారి వదులు. మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల తేడా సహజంగా వస్తుంది. మూడు చోట్లా అచ్చు గుద్దినట్టు ఒకే కొలత వస్తే అనుమానించండి. దీన్ని తీర్పుగా తీసుకోకండి, సాక్ష్యాల్లో ఒకటిగా పెట్టుకోండి.

జరీ విప్పి చూడటం

అసలు జరీ అంటే పట్టు దారం చుట్టూ వెండి తీగను రిబ్బన్‌లా చదును చేసి చుట్టి, పైన బంగారు పూత వేసింది. బంగారం బరువులో ఒక శాతం కూడా ఉండదు. విలువంతా వెండిదే. రెండో రకంలో వెండి బదులు రాగి తీగ, దానికి వెండి పూత, పైన బంగారు రంగు. మూడోది ప్లాస్టిక్ పొర మీద లోహపు పూత పూసి సన్నగా కోసింది. జరీకి సూరత్ పేరున్న ఊరు, ఈ మూడు రకాలూ అక్కడ తయారవుతాయి. దుకాణాల్లో వినిపించే ప్యూర్, టెస్టెడ్, హాఫ్ ఫైన్ అనే పేర్లను పట్టుకుని వేలాడకండి. ఒక్కో చోట ఒక్కో అర్థంలో వాడతారు. అడగాల్సిన ప్రశ్న ఒకటే: తీగ ఏ లోహం?

కొంగు చివర నేయకుండా వదిలిన పడుగు పోగులుంటాయి కదా, అందులో అంచు వైపున్న వాటిలో జరీ పోగు దొరుకుతుంది. రెండంగుళాల ముక్క చాలు, అడిగి తీసుకోండి. భూతద్దం కింద పెట్టి ఒక కొసను గోటితో నొక్కి, ఇంకో చేత్తో మెలికి ఎదురు తిప్పండి. పైనున్న పట్టీ స్ప్రింగులా విడివడి వస్తుంది, లోపలి దారం బయటపడుతుంది. ఇప్పుడు రెండు ముక్కలున్నాయి. పట్టీని చిన్న మంట అంచున పెట్టండి. ప్లాస్టిక్ అయితే ముడుచుకుపోయి కరుగుతుంది. లోహం అయితే కరగదు. లోహమని తేలితే జరీ పోగులో ఇంకో ముక్కను గరుకు రాయి మీద గట్టిగా రుద్ది, రుద్దినచోట భూతద్దంతో చూడండి. ఎర్రగా కనిపిస్తే రాగి, తెల్లగా ఉంటే వెండి. వెండి శాతం ఎంతో కచ్చితంగా తెలియాలంటే నగల దుకాణాల్లో ఉండే ఎక్స్‌రే పరీక్ష యంత్రమే గతి. లక్షల్లో చీర కొంటుంటే ఆ పని చేయించడంలో మొహమాటం అక్కర్లేదు.

లోపలి దారం ఎర్రగా ఉంటే అసలు జరీ అని ఒక నమ్మకం ఉంది. ఒకప్పుడు అందులో కొంత నిజం ఉండేది. ఇప్పుడు పాలిస్టర్ దారానికి కూడా ఎర్ర రంగు వేస్తున్నారు. రంగు చూడటం కాదు, ఆ దారాన్నీ కాల్చి చూడండి.

పట్టు పరీక్ష: రెండు పోగులూ కాల్చాలి

చాలామంది కొంగు కుచ్చులోంచి ఒక పోగు తీసి కాల్చి, వెంట్రుక కాలిన వాసన రాగానే ఊపిరి పీల్చుకుంటారు. అది పడుగు పోగు మాత్రమే. పడుగు పట్టు పెట్టి పేక పాలిస్టర్ వేసిన చీరలు బజారులో బోలెడు. పేక పోగు జాకెట్టు ముక్క చివర కోసిన అంచు నుంచి లాగితే వస్తుంది. రెండూ విడివిడిగా కాల్చండి.

పట్టు మెల్లగా కాలుతుంది, మంట నుంచి వెనక్కి ముడుచుకుంటుంది, మంట తీసేస్తే ఆరిపోతుంది. వెంట్రుక కాలిన వాసన వేస్తుంది. మిగిలిన నల్ల ఉండను వేళ్ళ మధ్య నలిపితే పొడైపోతుంది. ఆర్ట్ సిల్క్ అనే రేయాన్ కాగితంలా భగ్గున కాలి మెత్తని బూడిద మిగులుస్తుంది. పాలిస్టర్ కరిగి, నలగని గట్టి పూసలా మిగులుతుంది. గద్వాల చీర దగ్గర మాత్రం తొందరపడి గొడవ పడకండి. ఆ సంప్రదాయంలో ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. ఒళ్ళు పోగు కాగితంలా కాలితే అది మోసం కాదు.

ఉంగరంలోంచి చీర దూరితే అసలు పట్టని చూపించే వేడుక ఒకటుంది. అది పోగు సన్నదనాన్ని చెబుతుంది, అంతే. సన్నని పాలిస్టర్ ఇంకా సులువుగా దూరుతుంది.

బరువు కూడా అంతే. పచ్చి పట్టులో సుమారు నాలుగో వంతు జిగురు. సబ్బు, సోడా వేసిన నీళ్ళలో మరిగించి దాన్ని తీసేస్తే గానీ మెత్తదనం, మెరుపు రావు, రంగు సమంగా పట్టదు. కిలో పచ్చి పట్టు ఉడికాక ముప్పావు కిలోకు వస్తుంది. ఆ పోయిన బరువును గంజితోనో, జిగురుతోనో తిరిగి ఎక్కించే అలవాటు ఉంది. చీర పెళపెళలాడుతుంటే మూలన ఒక చిన్నచోట వేళ్ళ మధ్య గట్టిగా రుద్దండి. పొడి రాలి అక్కడ మెత్తబడితే అది గంజి బరువు. అలాగే, ఉడికించడం మరీ ఎక్కువైనా చెడే. బట్ట మీద సన్నని నూగు లేస్తుంది, ముదురు రంగు చీరల్లో అది తెల్లటి ధూళిలా కనిపిస్తుంది.

రంగు, నేతలో తప్పులు

చేతిరుమాలు కొస తడిపి, లోపలి మడతలో అర నిమిషం నొక్కి రుద్దండి. ముదురు ఎరుపు, నలుపు, నెమలికంఠం మీద ఇది తప్పనిసరి. కాస్త లేత ఛాయ అంటుకుంటే మొదటిసారి డ్రైక్లీనింగ్‌కు ఇవ్వండి. రుమాలు బాగా రంగెక్కితే చీర తిరిగి ఇచ్చేయండి. చెమటకు ఆ రంగు లేత అంచులోకి పాకుతుంది.

నేత తప్పుల్లో ముఖ్యంగా చూడాల్సింది అది ఒక్కసారే వచ్చిందా, మళ్ళీ మళ్ళీ వస్తోందా అని. మగ్గం మీద రంధ్రాలున్న అట్టలతో డిజైను నడిపే సాధనం జకార్డ్. అందులో ఒక్కో డిజైను పేకకూ ఒక్కో అట్ట. అంగుళానికి 60 పేకలుంటే నాలుగంగుళాల డిజైనుకు 240 అట్టలు. వాటిలో ఒకటి చిరిగినా, వరస మారినా ప్రతి నాలుగంగుళాలకూ అదే చోట అదే తప్పు వస్తుంది. నెమలి మెడ ప్రతిసారీ అక్కడే విరిగినట్టుంటుంది. అలాంటి చీర వద్దు. ఒక్కచోట ఒక పేక జారితే అది చేతి తప్పు, దాని కోసం చీర వదులుకోనక్కర్లేదు.

నిలువుగా సన్నని గీత ఉంటే పడుగు పోగు తెగినా అతకకుండా నేశారని అర్థం. అడ్డంగా పలచటి పట్టీ ఉంటే మగ్గం ఆపి మళ్ళీ మొదలుపెట్టినచోట బిగువు మారింది. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే తెలుస్తుంది. కొంగులోనో, కుచ్చిళ్ళలోనో పైకి కనిపించేచోట ఉంటే ధర తగ్గించమనండి. అంచు ముడతలు పడి ఒళ్ళు కన్నా పొట్టిగా లాగుతుంటే జరీ పోగు బిగువు ఎక్కువైంది. జరీ పట్టులా సాగదు. ఇస్త్రీకి సర్దుకుంటుందంటారు, సర్దుకోదు. పొడవు కొలవడం మరవద్దు: చీర ఐదున్నర మీటర్లు, జాకెట్టు ముక్క సుమారు 80 సెంటీమీటర్లు.

లేబుల్ ఏం చెబుతుంది, బిల్లు ఏం చెప్పాలి

సిల్క్ మార్క్ 2004లో సెంట్రల్ సిల్క్ బోర్డు తెచ్చింది. అది పట్టు అసలుదని మాత్రమే చెబుతుంది. చేనేత అనీ, జరీలో వెండి ఉందనీ చెప్పదు. హ్యాండ్లూమ్ మార్క్ చేతిమగ్గం గురించి చెబుతుంది, జరీ గురించి చెప్పదు. ధర్మవరం, గద్వాల, ఉప్పాడ, బెనారస్ లాంటి పేర్లకు భౌగోళిక గుర్తింపు ఉంది, ఆ పేరు ఊరికీ పద్ధతికీ సంబంధించింది. కాబట్టి బిల్లు మీద మూడు మాటలు విడివిడిగా రాయించుకోండి: పట్టు రకం, చేనేత, జరీ తీగ లోహం. 'పట్టు చీర 1' అని రాసిచ్చే బిల్లు రేపు ఎందుకూ పనికిరాదు. నోటితో గట్టిగా చెప్పినవాళ్ళు రాయడానికి వెనకాడితే మీ జవాబు మీకు దొరికినట్టే.

ఇంటికి తెచ్చాక

ఫాల్ కుట్టేముందు దాన్ని రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేయాలి. నానని నూలు ఫాల్ తర్వాత కుదించుకుపోయి అంచును ముడతలు పడేలా లాగుతుంది. చేత్తోనే కుట్టించండి, సూది జరీ పట్టీని చీల్చకుండా పోగుల మధ్య నుంచి పోవాలి.

కట్టి విప్పిన చీరను వెంటనే బీరువాలో పెట్టకండి. నీడలో కొన్ని గంటలు ఆరనిచ్చి, చెమట తడి పోయాక గంజి లేని తెల్ల నూలుబట్టలో చుట్టండి. గంజి పురుగుల్ని పిలుస్తుంది, పాలిథిన్ కవరు తేమను పట్టి ఉంచుతుంది. వెండి జరీని నల్లబరిచేది గంధకం. అందుకే వార్తాపత్రికలూ రబ్బరు బ్యాండ్లూ దగ్గరకు రానివ్వకూడదు. కలరా ఉండలు జరీకి తగలకూడదు, ఎండిన వేపాకు చిన్న మూటలో కట్టి పక్కన పెడితే చాలు. సెంటు కొట్టుకోవాలంటే చీర కట్టుకోకముందే. నల్లబడిన జరీని వెండి చెంబు తోమినట్టు చింతపండుతో తోమాలని చూడొద్దు, ఆ రాపిడికి పైనున్న బంగారు పూత పోతుంది.

మూడు నెలలకోసారి మడత మార్చండి. ఒకే మడత మీద ఏళ్ళ తరబడి ఉంటే జరీ తీగ అక్కడే విరిగి, దానితో పాటు పట్టూ గీత గీసినట్టు చిరుగుతుంది. ఇస్త్రీ ఎప్పుడూ వెనక వైపు నుంచి, పైన నూలు బట్ట వేసి, తక్కువ వేడితో చేయాలి.

పండగపూట గాజుకు తగిలి బుటా పోగు ఒకటి ఉచ్చులా పైకి లేచిందనుకోండి, కత్తెర పట్టుకోవద్దు. కత్తిరిస్తే రెండు కొసలూ జారి బుటాలో ఖాళీ పడుతుంది. సన్నని సూదిలోకి దారం జంటగా ఎక్కించి కొసన ఉచ్చు వదలండి. సూదిని ముఖం వైపు నుంచి, లేచిన పోగు మొదట్లోనే దించి, ఆ పోగును ఉచ్చులో పట్టుకుని వెనక్కి లాగండి. తర్వాత చీర తిరగేసి బుటా రెండు పక్కలా బట్టను మెల్లగా పట్టి సాగదీస్తే మిగిలిన వదులు పోగుల్లో సర్దుకుంటుంది.